కీస పైలం: పట్నం చూడబోయే నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున మొదటి బస్సుకు పోయి, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు చూసుకుని రాత్రికి ఇల్లు చేరే కుటుంబాలు మన దిక్కున ప్రతి ఆదివారం ఉంటాయి. ఆ ఒక్క రోజులో కీస (జేబు) కొట్టేసినవాడు పైసలతో పాటు ఆధార్‌ను, ఏటీఎం కార్డును, తిరుగు ప్రయాణాన్ని కూడా ఎత్తుకుపోతాడు. గర్దీలో పడ్డాక ఎంత మెలకువగా ఉన్నా చేసుకోగలిగింది కొంచెమే. చేసుకోవలసినదంతా ముందురోజు రాత్రి ఇంట్లోనే ఉంది. అందుకే ఈ జవాబుల్లో సగం ఇంటి దగ్గర సర్దుకునే పనుల గురించే.

పట్నంలో ఏ జాగాలో ఎక్కువ పైలంగా ఉండాలె?

జాగా కంటే ముందు ఘడియ చెప్పుకోవాలి. అన్నిటికంటే ప్రమాదమైనవి బస్సు ఎక్కే ఆ పది సెకన్లు. ఎంజీబీఎస్ బస్టాండులో దేవరకొండ బస్సో, నాగర్‌కర్నూల్ బస్సో ప్లాట్‌ఫాం మీదికి వస్తుంటే జనం దాని వెంటే నడుస్తారు, కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టుకుంటారు, తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడతారు. అప్పుడు మీ కుడి చెయ్యి రాడ్డు మీద ఉంటుంది, ఎడమ చెయ్యి పిల్లాడి భుజం మీద ఉంటుంది. మీ కీస మీద ఎవరి చెయ్యి ఉందో తెలిసే దారే లేదు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, ఆరాంఘర్ దగ్గర రోడ్డు మీద ఎక్కేటప్పుడూ ఇంతే. అక్కడ బస్సు ఎక్కువసేపు ఆగదు కాబట్టి తోపులాట ఇంకా ఎక్కువ. పొద్దున పోయేటప్పటి కంటే సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు గండం, ఎందుకంటే అప్పటికి ఒళ్లు అలసి ఉంటుంది, చేతుల్లో సంచులు పెరిగి ఉంటాయి.

ఇక జాగాలంటే చార్మినార్ నుంచి లాడ్‌బజార్, పత్తర్‌గట్టి దాకా. రంజాన్ నెలలో రాత్రి బజారు నడిచే రోజుల్లో అక్కడ అడుగు తీసి అడుగు వేయడానికి సందుండదు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్ (ఎగ్జిబిషన్), మృగశిర కార్తెకు అదే మైదానంలో చేప ప్రసాదం క్యూలు, గణేశ్ నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ కూడా అట్లాంటివే. మెట్రో స్టేషన్‌లో ఒక చిన్న సంగతి: బ్యాగు స్కానర్‌లో వేసి మీరు తనిఖీ వరుసలో ఆగిపోతే బ్యాగు మీకంటే ముందు అవతలికి పోయి కూర్చుంటుంది. ఇద్దరున్నప్పుడు ఒకరు ముందు అవతలికి పోయి నిలబడ్డాకే రెండోవాళ్లు బ్యాగు వేయాలి.

అంత దగ్గరగా వచ్చి తీస్తుంటే మనకు ఎందుకు తెల్వదు?

ఒక్కడే వచ్చి తీసేది తక్కువ. ముగ్గురో నలుగురో కలిసి పనిచేస్తారు. బస్సు తలుపు దగ్గర ఒకడు మెట్టు మీద ఎక్కి, "ఈ బస్సు కల్వకుర్తి పోతదా?" అని అడుగుతూ ఆగిపోతాడు. మీరు వాడి వీపు వెనక ఇరుక్కుంటారు. వెనకవాడు నెడతాడు. పక్కవాడి చేతిలో తువ్వాలో, మడిచిన పేపరో, ఖాళీ సంచో ఉంటుంది. దాని చాటున చెయ్యి మీ కీసలోకి పోతుంది. ముందు నుంచి, వెనక నుంచి ఒత్తిడి ఒకేసారి ఉన్నప్పుడు తొడ మీద తగిలే రెండు వేళ్లు విడిగా తెలియవు, ఒళ్లు పెద్ద ఒత్తిడినే పట్టించుకుంటుంది. తీసిన పర్సు వెంటనే నాలుగోవాడి చేతికి మారుతుంది, వాడు బస్సెక్కడు. మీరు అనుమానించి పక్కవాణ్ని పట్టుకున్నా వాడి దగ్గర ఏమీ దొరకదు.

ఇందులోంచి పనికొచ్చే గుర్తు ఒకటుంది. బస్సు లోపల ఖాళీ కనిపిస్తున్నా తలుపు దగ్గర వరుస కదలకుండా ఆగిందంటే అక్కడ ఎవరో కావాలని ఆపుతున్నారు. అప్పుడు ఎక్కకండి, రెండడుగులు వెనక్కి వచ్చి పక్కకు నిలబడండి. సీటు పోతుంది, పోనివ్వండి. నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా ఇంకో బస్సు వస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పైసలు ఎక్కడున్నాయో దొంగకు చూపించేది మనమే. "జేబుదొంగలున్నారు జాగ్రత్త" అని బోర్డు కనబడగానే, మైకులో వినబడగానే చెయ్యి దానంతట అదే పోయి కీస తడుముతుంది. చూసేవాడు ఆ చెయ్యినే చూస్తాడు.

నలుగురం పోతున్నం, మూడు వేలు తీసుకుపోతే ఎట్ల పంచుకోవాలె?

రెండు వేలు ఒకరి లోపలి కీసలో పెట్టండి, అవి సాయంత్రం దాకా బయటికి రావద్దు. ఒక అయిదు వందల నోటు రెండో మనిషి దగ్గర, అది బస్సు చార్జీకి దాచిన నోటు. మిగతా అయిదు వందలు చిల్లరగా పైకీసలో: వంద నోట్లు మూడు, యాభైలు రెండు, ఇరవైలు అయిదు. చాయ్, ఆటో, నీళ్ల బాటిల్, చెప్పుల స్టాండు, అన్నీ ఈ చిల్లరలోంచే. అది అయిపోతే రోడ్డు మీద లోపలి కీస తెరవొద్దు. హోటల్లో కూర్చున్నప్పుడో, బాత్రూంలోనో తీసి మళ్లీ చిల్లర కీస నింపుకోండి.

పర్సును ఇంట్లోనే పెట్టి పొమ్మంటాము. పర్సు లావు బయటికి కనబడుతుంది, పైగా అన్నీ ఒకే చోట ఉంటాయి. నోట్లకు ఒక రబ్బరు బ్యాండు చుడితే చాలు. రబ్బరు లాగు గుడ్డను పట్టుకుంటుంది, తోలు పర్సులా నున్నగా జారి రాదు.

మా అమ్మకు రొండిల పైసలు పెట్టుకునుడే అలవాటు. అది మంచిదేనా?

కొంగు ముడి కంటే చాలా మంచిది. కొంగు వెనక వేలాడుతుంది, ముడి విప్పనవసరం లేకుండా బ్లేడుతో కోసి తీసుకుంటారు. రొండిలో, అంటే నడుము దగ్గర చీర మడతలో, చిన్న తిత్తి దోపుకుంటే అది ఒంటికి ఆనుకుని ఉంటుంది, చెయ్యి తగిలితే తెలుస్తుంది.

కానీ రొండికి ఒక లోపం ఉంది. బస్సులో నిలబడి పైరాడ్డు పట్టుకోవడానికి చెయ్యి పైకెత్తగానే పొట్ట లోపలికి పోతుంది, చీర బిగువు సడలుతుంది, తిత్తి కిందికి జారుతుంది. నాలుగైదు కుదుపులకు అది చీర మీద నుంచే ఉబ్బుగా కనబడుతుంది. తిత్తిని లంగా నాడాకు పిన్నుతో గుచ్చితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఇంకా మంచిది లంగాకు లోపలి కీస కుట్టించుకోవడం.

ఆ లోపలి కీస ఎట్ల కుట్టించాలె?

అయిదు వందల నోటు 150 మిల్లీమీటర్ల పొడవు, 66 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. సగానికి మడిస్తే దాదాపు 3 అంగుళాల చదరం. కాబట్టి కీస 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతు ఉంటే నోట్లు, ఒక కార్డు హాయిగా పడతాయి. లోతు తగ్గించొద్దు, 4 అంగుళాల లోతు కీసలో నోటు పై అంచు మూతి దగ్గరే ఉంటుంది, వేలు పెట్టగానే దొరుకుతుంది.

నాడా పట్టీకి నాలుగు వేళ్ల కింద, ముందు వైపు, లోపలి పక్కన కుట్టమని చెప్పండి. పక్కన కుట్టిస్తే నాడా దగ్గరి చీలికలోంచి అందుతుంది. గుడ్డ లంగాదే అయితే మంచిది. పాలిస్టర్ ముక్క వేస్తే నోట్లు జారుతాయి, చెమట కూడా పీల్చదు. అడుగున రెండు వరసల కుట్టు, మూతికి 4 అంగుళాల జిప్పు వేయించండి. నొక్కు గుండీ ఒక్కటే వేస్తే రెండు పక్కలా సందు మిగులుతుంది. నోట్లను చిన్న ప్లాస్టిక్ కవర్లో పెడితే ఎండాకాలం తడవవు.

మగవాళ్లకు ప్యాంటు నడుము పట్టీ లోపల ఇదే కొలతతో కుట్టిస్తే సరిపోతుంది. పెద్దమనుషులకు కీస ఉన్న బనియన్ ఉండనే ఉంది, దాని మూతికి ఒక పిన్ను గుచ్చండి. ధోతి కట్టేవాళ్లు పైన వేసుకునే అంగీ కీసలో మాత్రం చిల్లర తప్ప ఏమీ పెట్టొద్దు. కండువా తీసి భుజం మార్చేటప్పుడు ఆ కీస పూర్తిగా తెరుచుకుంటుంది.

మహాలక్ష్మి టికెట్‌కు ఆధార్ చూపియ్యాలె గద. సంచి తెరవకుంటే ఎట్ల?

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి సౌకర్యం. అయితే నిండు బస్సులో, నిలబడి, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని ఇంకో చేత్తో కార్డు కోసం హ్యాండ్‌బ్యాగు వెతకడం అనే కొత్త గండం కూడా దానితో వచ్చింది. కార్డు కోసం తెరిచిన జిప్పు మళ్లీ వేయడం మరిచిపోతారు. దిగేటప్పుడు బ్యాగు తెరిచే ఉంటుంది.

కార్డుకు ఒక్కదానికే ఒక జాగా ఇవ్వండి. మెడలో వేసుకునే ప్లాస్టిక్ కార్డు కవరు ఉంటుంది కదా, పిల్లలు బడికి వేసుకునేది. అందులో కార్డు పెట్టి పైట లోపలికి వేసుకోండి. కండక్టర్ వచ్చినప్పుడు పైకి తీసి చూపించి మళ్లీ లోపలికి. పైసలకు, కార్డుకు సంబంధమే ఉండొద్దు. ఫోన్‌లో ఫొటో చూపిద్దామనుకోకండి, ఒరిజినల్ కార్డే అడుగుతారు, పైగా ఫోన్ బయటికి తీయడం ఇంకో తలనొప్పి. ఓటరు కార్డు ఉన్నవాళ్లు అది వెంట పెట్టుకుని ఆధార్ ఇంట్లో ఉంచితే, ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది.

ఫోన్ ఏ కీసలో పెట్టుకోవాలె?

ప్యాంటు ముందు కీసలో, అద్దం తొడ వైపు తిప్పి. అంగీ కీస అన్నిటికంటే చెడ్డది: మెట్టు ఎక్కడానికి వంగినప్పుడు ఫోన్ దానంతట అదే పైకి వస్తుంది. వెనక కీస సంగతి చెప్పక్కరలేదు. ఆడవాళ్లు చేతికి తగిలించుకునే చిన్న పౌచ్ చేతిలోంచి లాగేయడానికి అనువుగా ఉంటుంది, దాన్ని పెద్ద బ్యాగు లోపల పెట్టండి. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఫోన్ చూసేవాళ్లు బస్సు సిగ్నల్ దగ్గర, స్టాండులో ఆగినప్పుడు అద్దం మూయండి, లేకపోతే ఫోన్‌ను కిటికీకి అవతలి చేతిలోకి మార్చుకోండి.

బయలుదేరే ముందు ఫోన్‌లో ఏమేం చేసుకోవాలె?

ఇది కొంచెం ఓపికగా చదవండి, అసలు నష్టం ఇక్కడే ఆగుతుంది.

మొదట *#06# నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది, మీ ఫోన్‌ను గుర్తుపట్టేది దానితోనే. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు నంబర్లు. కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఫోన్ డబ్బా మీద, బిల్లు మీద కూడా ఇదే ఉంటుంది, కాబట్టి డబ్బా పారేయకండి.

తర్వాత స్క్రీన్ లాక్. నాలుగు అంకెలు కాకుండా ఆరు పెట్టండి, పుట్టిన సంవత్సరం వద్దు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనబడకుండా ఆపండి. అవి కనబడుతుంటే లాక్ తీయకుండానే ఓటీపీ చదివేస్తారు.

మూడోది సిమ్ లాక్. చాలామంది దీన్ని చేయరు. ఫోన్‌కు ఎంత గట్టి తాళం వేసినా, దొంగ మీ సిమ్‌ను బయటికి తీసి వేరే ఫోన్‌లో వేస్తే మీ నంబరు వాడి చేతిలో ఉన్నట్టే. మీ ఓటీపీలు వాడికే పోతాయి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద సిమ్ లాక్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే సిమ్ ఏ ఫోన్‌లో వేసినా ముందు పిన్ అడుగుతుంది. ఆన్ చేసేటప్పుడు పాత పిన్ అడుగుతుంది, అది మీ సిమ్ కంపెనీ ఇచ్చిన నంబరు; కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాకే మొదలుపెట్టండి. ఊహించి కొట్టొద్దు, మూడుసార్లు తప్పితే సిమ్ బిగిసిపోతుంది, దాన్ని తెరిచే పీయూకే నంబరు కంపెనీ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది.

చివరగా, ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి వాటికి యాప్ లాక్ పెట్టండి. యూపీఐ పిన్‌ను స్క్రీన్ లాక్ నంబరుతో ఒకటిగా పెట్టుకున్నవాళ్లు ఇవాళే మార్చండి. దుకాణం దగ్గర మీ వెనక నిలబడి పిన్ చూసి, ఆ తర్వాతే ఫోన్ కొట్టేసేవాళ్లున్నారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లలో ఫైండ్ హబ్ ఆన్ చేసి ఉంచితే, పోయాక ఇంకో ఫోన్ నుంచి దాన్ని లాక్ చేయవచ్చు, లోపలున్నదంతా చెరిపేయవచ్చు.

ఏటీఎం కార్డుకు పిన్ ఉంది గద, పోతే ఏమైతది?

పిన్ లేకుండానే పోతుంది. తాకిస్తే పైసలు కట్ అయ్యే కార్డుల మీద ఒక్కోసారికి 5,000 రూపాయల దాకా పిన్ అడగరు. కార్డు మీద అలల్లాంటి నాలుగు గీతల గుర్తు ఉంటే మీది ఆ కార్డే. బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యాన్ని ఆపేయవచ్చు, ప్రయాణానికి ముందు ఆపండి. యూపీఐ లైట్‌లో కూడా పిన్ లేకుండానే చెల్లుతుంది, అందులో 5,000 దాకా పెట్టుకోవచ్చు కానీ రెండు మూడు వందలకు మించి ఉంచొద్దు. ఒక్క కార్డే తీసుకుపోండి. పిన్ రాసిన చీటీ కార్డు కవర్లో పెట్టే అలవాటు మన పెద్దవాళ్లలో చాలామందికి ఉంది, దయచేసి ఇంట్లో ఒకసారి చూడండి. పిన్ మీ నిర్లక్ష్యం వల్ల బయటపడిందని తేలితే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన పైసలు మీవే అవుతాయి.

బ్యాగు ముందుకు వేసుకుంటే సరిపోతదా?

జిప్పు సంగతి సరిపోతుంది, అడుగు సంగతి సరిపోదు. బ్లేడు పడేది బ్యాగు కింది మూలలో. అక్కడ పర్సు ఉంటే కోత పడగానే బరువుకు అదే జారి చేతిలో పడుతుంది. అడుగున బట్టలో, సర్వపిండి కట్టిన స్టీలు డబ్బానో పెట్టి, విలువైనవి మధ్యలో, ఒంటికి ఆనే వైపు పెట్టండి. రెండు జిప్పు లాగుళ్లను కలిపి ఒక పిన్ను గుచ్చితే తెరవడానికి చాలాసేపు పడుతుంది. దొంగకు లేనిది ఆ సమయమే.

పుస్తెలతాడు, నగలు?

చూడబోయేది చార్మినార్ అయితే నగలు వద్దు. పెళ్లికి పోతున్నా బస్సులో ఒంటి మీద వేసుకుపోవద్దు, హ్యాండ్‌బ్యాగులో అసలే వద్దు. బ్యాగులో పెట్టిన నగల డబ్బా ఒక్క జిప్పు దూరంలో ఉంటుంది. తప్పదనుకుంటే గుడ్డ సంచిలో కట్టి లోపలి కీసలో పెట్టుకోండి, ఆర్డినరీ బస్సు మాని ముందుగా సీటు రిజర్వు చేసే బస్సులో పోండి. పుస్తెలతాడు తీయని అవ్వలు, అక్కలు పైటను మెడ చుట్టూ తిప్పి భుజం మీద ఒక పిన్ను, రవికె గుండీ దగ్గర ఒక పిన్ను పెట్టుకుంటే తాడు బయటికి కనబడదు. తాడు కొక్కెం వదులైందేమో కంసాలికి ఒకసారి చూపించండి.

దారిల పలకరించేటోళ్లను ఎట్ల గుర్తుపట్టాలె?

మాటతో మీ చూపు తిప్పి తీసుకునేవాళ్ల తీరు నాలుగైదు రకాలకు మించదు. "మీ పైసలు పడ్డయి" అని కింద పది రూపాయల నోట్లు చూపిస్తారు. మీరు వంగుతారు, సంచి పోతుంది. వీపు మీద ఏదో మురికి పడేసి, వాళ్లే వచ్చి తుడుస్తారు. బరువైన సంచిని పైకి అందిస్తామంటూ చెయ్యేస్తారు. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాడు వాంతి వస్తోందని మీ మీదికి వంగుతాడు. కాస్త దూరం పోయాక "ఇక్కడ దిగుండ్రి, వేరే సవారీ ఉంది" అని మిమ్మల్నే దింపేస్తారు. అట్లా దింపితే ఆటో కదలకముందే కీస చూసుకోండి, ఆటో నంబరు గట్టిగా పైకి చదవండి.

పెద్దవయసు ఆడవాళ్ల కోసం ఒకటి ప్రత్యేకం. "మేం పోలీసులం, ముందట గల్లీలో హత్య జరిగింది, నగలు తీసి ఈ కాగితంలో కట్టుకోండి" అంటారు. కట్టి ఇస్తున్నట్టే ఇచ్చి పొట్లం మారుస్తారు, ఇంటికొచ్చి విప్పితే రాళ్లుంటాయి. నిజమైన పోలీసు రోడ్డు మీద నగలు తీయమని ఎప్పుడూ అడగడు. మీ అమ్మకు, అత్తమ్మకు ఈ ఒక్క మాట ఇవాళే చెప్పండి.

రైల్లో పోతే నయమా?

మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు, నల్లగొండ నుంచి సికింద్రాబాద్‌కు రైలు ఉన్నవాళ్లకు తోపులాట కొంచెం తక్కువే. ఇక్కడ ఫోన్ పోయేది రెండు చోట్ల: చార్జింగ్ పెట్టి కునుకు తీసినప్పుడు, తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతుంటే రైలు నెమ్మదించిన చోట. రైల్లో ఏదైనా దొంగిలిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. కేసు రాసేది రైల్వే పోలీస్ స్టేషన్‌లో.

మన దగ్గరి జాతరలల్ల కూడా ఇంతేనా?

తీరు అదే, కానీ ఒక్కో జాతరకు ఒక్కో ఇరుకు ఉంటుంది. నల్లగొండ దగ్గరి చెరువుగట్టు గుడికి పోతే, గుట్ట మీద మూడుగుండ్ల దగ్గర బండల సందులోంచి పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. కీసలో ఫోన్ ఉంటే అది బండకు ఒరుసుకుని పైకి వస్తుంది, వెనకవాళ్ల చేతికి అందుతుంది, లేదా సందులో పడిపోతుంది. పైకి పోయే ముందే ఫోన్లు, పైసలు కింద ఉండే మనిషికి ఇవ్వండి. దీపావళి తర్వాత జరిగే కురుమూర్తి జాతరలో ఉద్దాల (స్వామి పాదుకల) ఊరేగింపు కదిలేటప్పుడు అందరి చేతులు ఒకేసారి పైకి లేస్తాయి. రెండేళ్లకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రాత్రిపూట భేరీల చప్పుడుకు జనం ఊగుతుంటే పక్కవాడు తగిలినా పట్టించుకోరు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయేవాళ్లు నల్లమలలో ఫోన్ పనిచేయదని నోట్లే ఎక్కువగా పట్టుకుపోతారు. లోయలోకి దిగే బాట ఒక మనిషి పట్టేంత ఉంటుంది, అక్కడ సంచి తప్పనిసరిగా ముందు వైపే ఉండాలి.

అలంపూర్, బీచుపల్లి, సోమశిల రేవుల దగ్గర నీళ్లలోకి దిగేటప్పుడు అందరూ ఒకేసారి దిగొద్దు. బట్టల మూట దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి మూట పక్కన కూర్చుంటే చాలదు, మూట మీద చెయ్యేసి కూర్చోవాలి. మూటను తువ్వాలతో కప్పి దూరం నుంచి చూస్తుంటే, మీ కళ్లు పిల్లల మునకల మీదే ఉంటాయి.

పోయింది. ముందు ఏం చెయ్యాలె?

బస్సులో ఉండగానే తెలిస్తే కండక్టరన్నకు గట్టిగా చెప్పండి, తలుపులు మూయించి బస్సును దగ్గరి పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోవడానికి వీలవుతుంది. ఎవరి కీసలూ మీరు వెతకొద్దు. 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

దిగాక తెలిస్తే వెతుకుతూ గంట పోగొట్టకండి. పక్కవాళ్ల ఫోన్ అడిగి మొదట సిమ్ కంపెనీకి చేసి నంబరు ఆపించండి. ఓటీపీల దారి మూసుకుంటుంది. వెంటనే బ్యాంకుకు చేసి కార్డును, యూపీఐని ఆపమనండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మీరు బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే లావాదేవీల నష్టం మీ మీద పడదు, అందుకే ఆ నంబరూ, చేసిన సమయమూ ముఖ్యం. అప్పటికే ఖాతాలోంచి పైసలు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ పైసలు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాతే పోలీస్ స్టేషన్.

ఎక్కడ పోయిందో తెల్వదు, ఏ స్టేషన్ల చెప్పాలె? మా ఊర్లె చెప్పొచ్చా?

చెప్పవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అయినా వీలుంటే పట్నంలోనే ఇచ్చి రండి. ఎంజీబీఎస్‌లో అయితే అఫ్జల్‌గంజ్ స్టేషన్. కెమెరాల రికార్డు త్వరగా చూడగలిగేది అక్కడివాళ్లే.

కాగితం మీద "పోగొట్టుకున్నాను" అని రాయకండి. "దొంగిలించారు" అని రాయండి, బస్సు ఎక్కిన సమయం, బస్సు నంబరో టికెట్టో, ఏ తలుపు, ఐఎంఈఐ, నోట్ల మొత్తం రాయండి. పోగొట్టుకున్నట్టు రాస్తే అది లాస్ట్ రిపోర్టుగా మిగిలిపోతుంది, దొంగతనం కేసు కాదు. దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. ముఠాగా జేబులు కొట్టేవాళ్ల మీద 112వ సెక్షన్ కింద ఏడాది నుంచి ఏడేళ్ల దాకా పడుతుంది. కాబట్టి ఎంతమంది ఉన్నారని మీకు అనిపించిందో అది కూడా చెప్పండి.

ఫోన్ మళ్ల దొరుకుతదా?

దొరికే దారి ఒకటుంది. పోయిన ఫోన్లను ఆపడానికి 2023 మే నెలలో దేశమంతటా మొదలైన ప్రభుత్వ వెబ్‌సైటు సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నమోదు చేస్తే ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయదు. ఎవరైనా అందులో సిమ్ వేస్తే ఆ వివరం పోలీసులకు తెలుస్తుంది. దానికి కావలసినవి పోలీస్ ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు, బిల్లు ఉంటే బిల్లు, ఓటీపీ రావడానికి ఒక నంబరు. స్టేషన్‌లో అడిగితే వాళ్లే నమోదు చేస్తారు. రిక్వెస్ట్ నంబరు దాచుకోండి, ఫోన్ దొరికాక దానితోనే బ్లాక్ తీయాలి.

డూప్లికేట్ సిమ్ దగ్గర మనవాళ్లు ఇరుక్కునేది ఒక్క చోట: సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే స్వయంగా రావాలి. అమ్మ వాడే సిమ్ బొంబాయిలో పనిచేసే కొడుకు పేరు మీద ఉంటే అక్కడికక్కడ పని కాదు. ఇప్పుడే ఎవరి సిమ్ వాళ్ల పేరు మీదికి మార్పించుకోండి. కొత్త సిమ్ వచ్చాక మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు. అది మీ రక్షణ కోసమే, కంగారు పడొద్దు.

"మీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వచ్చింది.

నొక్కొద్దు. ఫోన్ తాళం తీయలేక పాస్‌వర్డ్ మీ నోటితోనే చెప్పించుకోవడానికి దొంగ వేసే ఎర అది. దొరికితే పోలీసులు స్టేషన్‌కు పిలుస్తారు, పాస్‌వర్డ్ అడగరు.

దొంగ దొరికితే నలుగురు కొడుతరు గద, తప్పా?

తప్పే. దెబ్బలు తగిలితే కేసు కొట్టినవాళ్ల మీద పడుతుంది. అనుమానంతో పట్టుకున్న మనిషి చాలాసార్లు పక్కన నిలబడ్డ అమాయకుడే అవుతాడు, అసలు వస్తువు అప్పటికే చేతులు మారి ఉంటుంది. పట్టుకుని కూర్చోబెట్టి పోలీసులు వచ్చేదాకా ఆగండి.

అన్నీ పోతే ఇంటికి ఎట్ల రావాలె?

రెండో మనిషి దగ్గర దాచిన అయిదు వందల నోటు ఇందుకే. నోటు ఉన్నా నంబర్లు లేకపోతే కష్టం. ఫోన్ పోయాక ఇంట్లోవాళ్ల నంబరు గుర్తున్నవాళ్లు మనలో తక్కువ. ఒక చిన్న కాగితం మీద ఇంటి నంబరు, ఊళ్లో ఇంకొకరి నంబరు, బ్యాంకు కార్డు ఆపించే నంబరు, సిమ్ కంపెనీ నంబరు పెన్నుతో రాసి మూడు కాపీలు చేయండి. ఒకటి మీ చెప్పు లోపలో, బనియన్ కీసలోనో. ఒకటి మీ ఇంటామె లోపలి కీసలో. మూడోది పిల్లాడి లాగు కీసలో పెట్టి పిన్ను గుచ్చండి. తప్పిపోయినా అదే కాగితం వాణ్ని మీ దగ్గరికి చేరుస్తుంది.